లక్క గాజులు, లాజిక్ చిప్పులు

లాడ్ బజారులో ఎన్ని దుకాణాలున్నా అమ్మేవి ముఖ్యంగా రెండు రకాల గాజులు. ఒకటి గాజుతో చేసిన గాజు, రెండోది లక్క గాజు. గాజుతో చేసినది కొలిమి నుంచి వచ్చి చల్లారిందంటే దాని కథ అంతటితో సరి. చేతికి పడితే పట్టింది, లేకుంటే లేదు. పగిలితే ముక్కలు ఏరుకోవడమే. లక్క గాజు సంగతి వేరు. బొగ్గుల సెగ చూపిస్తే లక్క మెత్తబడుతుంది. మెత్తబడినప్పుడు దాన్ని సాగదీసి, వంచి, కావలసిన కొలతకు తెచ్చి, వెచ్చదనం ఉండగానే మీద రాళ్లూ అద్దాలూ పొదుగుతారు. నచ్చకపోతే మళ్లీ సెగ చూపించి ఇంకో రూపం ఇవ్వొచ్చు. చార్మినారు దగ్గర నిలబడి పడమరగా నాలుగడుగులు వేసిన వారెవరికైనా తెలిసిన విషయమే ఇది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంతకీ ఇది గాజుల మీద వ్యాసం కాదు, కంప్యూటరు చిప్పుల మీద వ్యాసం. చిప్పుల్లో కూడా సరిగ్గా ఈ రెండు జాతులున్నాయి. మన సెల్‌ఫోన్‌లో ఉన్న ప్రాసెసరూ, ల్యాబులో మనం చూసే 8085 మైక్రోప్రాసెసరూ గాజు జాతివి. ఫ్యాక్టరీలో సిలికాన్ మీద ఏ గీతలు గీశారో అవే శాశ్వతం. రెండో జాతి చిప్పు పేరు ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ ఆరే, పొట్టిగా ఎఫ్.పి.జి.ఎ. ఫీల్డ్ అంటే మా ఊళ్లో పొలం అనుకుంటారు గాని, ఇక్కడ అర్థం 'ఫ్యాక్టరీ బయట, వాడుకునేవాడి చేతిలో' అని. ఇది లక్క జాతి. ఈ రోజు దాన్ని ఒక లెక్కల యంత్రంగా మలచవచ్చు, రేపు చెరిపేసి ట్రాఫిక్ దీపాల నియంత్రణగా మలచవచ్చు, ఎల్లుండి మరొకటి.

ఈ లక్క జాతి చిప్పులతో ప్రపంచంలో చాలామంది ఒక విచిత్రమైన పని చేస్తున్నారు. ఎప్పుడో తయారీ ఆగిపోయిన పాత ప్రాసెసర్లను మళ్లీ నిర్మిస్తున్నారు. ఆ పని మన కళాశాలలో కూడా జరగాలనీ, హైదరాబాదు పేరుతో ముడిపడిన తొలి కంప్యూటర్లను మన చేతులతో మళ్లీ నడిపించాలనీ, దాన్ని కాలక్షేపంగా కాక చదువులో భాగంగా చేయాలనీ నా అభిప్రాయం. ఎందుకో మనవి చేస్తాను.

ఎక్కాల పుస్తకం లాంటి చిప్పు

ఎఫ్.పి.జి.ఎ. లోపల బ్రహ్మ రహస్యం ఏమీ లేదు. ఉన్నది మనం మొదటి సంవత్సరంలో నేర్చుకున్న ట్రూత్ టేబులే. నాలుగు ఇన్‌పుట్లు ఉంటే 16 వరుసల పట్టిక అవుతుంది. ఆ 16 గళ్లలో ఎక్కడ సున్నా, ఎక్కడ ఒకటి రాయాలన్నది మన ఇష్టం. ఒక రకంగా నింపితే అది యాండ్ గేటు, మరో రకంగా నింపితే ఎక్స్-ఆర్ గేటు. లెక్క కట్టడం అంటూ ఉండదు. పెద్ద బాలశిక్షలో ఎక్కం చూసి చెప్పినట్టు, పట్టిక చూసి జవాబు చెప్పడమే. అందుకే దానికి లుక్-అప్ టేబుల్ అని పేరు. ప్రతి పట్టిక పక్కనా ఒక ఫ్లిప్-ఫ్లాప్ ఉంటుంది, వచ్చిన జవాబును తర్వాతి గడియారపు దెబ్బ దాకా దాచి ఉంచడానికి. ఈ జంటల మధ్య అడ్డంగా నిలువుగా తీగల దారులుంటాయి. ఏ దారి తెరవాలో ఏది మూయాలో కూడా మనమే చెబుతాం. చెరువు కింద తూములు ఎత్తి, దించి ఏ మడికి నీళ్లు పోవాలో నిర్ణయించినట్టే.

ఇలాంటి చిప్పును 1985లో మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది అమెరికాలోని జైలింక్స్ కంపెనీ. దాని రూపకర్త రాస్ ఫ్రీమన్. ఆ మొదటి చిప్పులో లాజిక్ గళ్లు 64 మాత్రమే. ఇవాళ విద్యార్థులు కొనుక్కునే టాంగ్ నానో 9కె అనే బోర్డు అగ్గిపెట్టె కన్నా అంత పెద్దదేం కాదు, దానిమీద లుక్-అప్ టేబుళ్లు 8,640 ఉన్నాయి. మనం చదివే 8085లో ట్రాన్సిస్టర్లు సుమారు 6,500. దానికంటే ముందు 1971లో వచ్చిన 4004లో సుమారు 2,300. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఒకప్పుడు ఒక పెద్ద కంపెనీ ఇంజనీర్లంతా కూర్చుని కన్న బిడ్డ ఇవాళ మన అరచేతిలోని బోర్డులో ఒక మూలన ఇమిడిపోతుంది.

ఇక ఎలా మలుస్తాం? వెరిలాగ్ అనో వి.హెచ్.డి.ఎల్. అనో ఒక భాషలో యంత్రాన్ని వర్ణిస్తాం. ఇక్కడ ఒక రిజిస్టరు, అక్కడ ఒక కూడిక యంత్రం, ఈ తీగ ఒకటి అయినప్పుడు ఆ రిజిస్టరు నిండాలి, ఇలాగ. ఆ వర్ణనను పట్టికలుగా, దారులుగా విడగొట్టే పని కంప్యూటరు చేసిపెడుతుంది. యోసిస్, ఐకారస్ వెరిలాగ్ వంటి పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. రూపాయి ఖర్చు లేకుండా ముందు కంప్యూటరు తెర మీదే పరీక్షించుకుని, తర్వాత బోర్డు మీదికి ఎక్కించవచ్చు.

హరిదాసూ, చిందు మేళమూ

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "పాత ప్రాసెసరు లాగా నటించే ప్రోగ్రాం ఒకటి ల్యాప్‌టాప్‌లో రాస్తే సరిపోదా?" అని మా హాస్టలు మిత్రుడొకడు అడిగాడు. సరిపోతుంది, ఒక మేరకు. అలాంటి ప్రోగ్రాములను ఎమ్యులేటర్లు అంటారు, అవి చాలా ఉన్నాయి. కాని రెంటికీ తేడా ఉంది. హరికథలో దాసుగారు ఒక్కడే రాముడు, ఒక్కడే రావణుడు, ఒక్కడే హనుమంతుడు. ఒక పాత్ర తర్వాత ఇంకో పాత్ర చెప్పుకుంటూ పోతాడు. కథ మనకు అందుతుంది, సందేహం లేదు. చిందు యక్షగానంలో అయితే ఎవరి వేషం వారిదే. రావణుడు మాట్లాడుతుంటే సీత పక్కన నిలబడి వింటూనే ఉంటుంది. ఎమ్యులేటరు హరిదాసు. ఎఫ్.పి.జి.ఎ. మేళం. అందులో రిజిస్టర్లు, కూడిక యంత్రం, నియంత్రణ భాగం అన్నీ ఒకే గడియారపు దెబ్బకు ఒకేసారి కదులుతాయి, అసలు ప్రాసెసరులో కదిలినట్టే.

అలాగని ఎఫ్.పి.జి.ఎ.లో కట్టింది అసలుదే అని నేను అనను. పాత యంత్రం వేడి, దాని మోత, అయస్కాంతపు కోరు మెమరీలో దారం ఎక్కించినట్టు అల్లిన తీగలు ఇందులో రావు. వచ్చేది దాని నడక, దాని తర్కం. ప్రాసెసరు విషయంలో నేర్చుకోవలసింది కూడా అదే.

అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో తెచ్చిన పి.డి.పి.-8 అనే 12 బిట్ల కంప్యూటరును ఎంతోమంది ఇలా మళ్లీ కట్టారు. అదే కంపెనీ 1970లో తెచ్చిన పి.డి.పి.-11 అనే 16 బిట్ల యంత్రానికీ ఎఫ్.పి.జి.ఎ. రూపాలున్నాయి. 2017లో మొదలైన మిస్టర్ అనే ప్రాజెక్టులో పాత ఇంటి కంప్యూటర్లు, ఆటల యంత్రాలు ఎన్నో ఒకే బోర్డు మీద ప్రాణం పోసుకున్నాయి. ఇంకాస్త వెనక్కి వెళ్తే, ఎనియాక్ యాభయ్యేళ్ల పండుగ సందర్భంగా 1996 నాటికి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆ 30 టన్నుల యంత్రాన్ని వేలిగోరంత చిప్పు మీద తిరిగి నిర్మించారు. అది ఎఫ్.పి.జి.ఎ. కాదు, వేరుగా చేయించిన చిప్పు. కాని చేసినవారు ఎవరో చూడండి, విద్యార్థులు, వారి ఆచార్యులు. ఆ విశ్వవిద్యాలయం తన సొంత యంత్రాన్ని తన పిల్లల చేతనే మళ్లీ కట్టించుకుంది.

కిట్టు ముందు మనం

మన చదువు సంగతి చూద్దాం. 8085 పుట్టింది 1976లో. ఇప్పటికీ మన దేశంలో ఎన్నో కళాశాలల్లో మైక్రోప్రాసెసరు అంటే అదే. దాన్ని చదవడం తప్పని నేను అనను. 1997లో అంగారకుడి మీద తిరిగిన సోజర్నర్ అనే చిన్న బండిని నడిపింది కూడా 80సి85 అనే దాని తమ్ముడే. తప్పు చదివే పద్ధతిలో ఉంది. కిట్టు ముందు కూర్చుంటాం. రికార్డులో ఉన్న హెక్స్ అంకెలు వరుసగా నొక్కుతాం. తెర మీద రావలసిన అంకె వస్తే సంతకం, రాకపోతే పక్కవాడి కిట్టు. లోపల ఏం జరిగిందో అడిగే తీరిక ఎవరికీ లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. 8085కు 74 రకాల ఆదేశాలు, 246 ఆప్‌కోడ్లు అని మనమంతా బట్టీ పట్టాం, పరీక్షలో రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. సరే. ఆప్‌కోడ్ ఎనిమిది బిట్లది గదా, ఎనిమిది బిట్లతో 256 వస్తాయి గదా. మిగిలిన 10 ఏమయ్యాయి? బట్టీ పట్టేవాడికి ఈ ప్రశ్న రాదు. ప్రాసెసరును కట్టేవాడికి రాకుండా ఉండదు. ఎందుకంటే ఆదేశాల పట్టికలో 256 గళ్లూ వాడే నింపాలి. జవాబు ఆసక్తికరంగా ఉంటుంది. ఆ 10 గళ్లు ఖాళీవి కావు. అవి కూడా పనిచేసే ఆదేశాలే, తయారుచేసిన కంపెనీ మాత్రం ప్రకటించలేదు. తర్వాత బయటివాళ్లు కనిపెట్టారు. ఉదాహరణకు 08 అనే కోడ్ ఇస్తే హెచ్.ఎల్. జంటలోంచి బి.సి. జంటను తీసివేస్తుంది, 16 బిట్ల తీసివేత. మన పుస్తకంలో 8085కు 16 బిట్ల తీసివేత ఆదేశమే లేదు! ఫ్లాగు రిజిస్టరులో 'వాడరు' అని గీత గీసి వదిలేసిన బిట్లలో రెండింటికి కూడా నిజంగా పని ఉంది.

ఇంకొకటి. ఒక రిజిస్టరులోంచి మరో రిజిస్టరులోకి మార్చే మూవ్ ఆదేశానికి 4 టి-స్టేట్లు, ఎం.వి.ఐ.కి 7. ఎందుకు? ఆదేశాన్ని మెమరీ నుంచి తెచ్చి అర్థం చేసుకోవడానికి 4, పక్కనున్న బైటును చదవడానికి ఇంకో 3. పుస్తకంలో ఇది ఒక వాక్యం. వెరిలాగ్‌లో కట్టినప్పుడు మాత్రం ఆ మూడు దెబ్బలూ మనమే లెక్కపెట్టాలి. మొదటి దెబ్బకు చిరునామా బయటికి, రెండో దెబ్బకు చదవమనే సంకేతం, మూడో దెబ్బకు బైటు లోపలికి. ఒక దెబ్బ తప్పితే యంత్రం నడవదు. నాగలి పట్టి చాలు తోలినవాడికే మెట్ట ఎక్కడ గట్టిగా ఉందో తెలిసినట్టు, కట్టినవాడికే ఆ 7 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

హైదరాబాదు కంప్యూటరు

ఇక అసలు సంగతి. మనలో చాలామంది ఇ.సి.ఐ.ఎల్. అని బోర్డు పెట్టుకున్న బస్సు ఎక్కి ఉంటాం. ఆ అక్షరాల వెనుక ఏముందో ఎంతమందికి తెలుసు? ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో పుట్టింది. దాన్ని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. ఎ.ఎస్. రావు నగర్ అని మనం పిలిచే కాలనీ ఆయన పేరుదే. ట్రాంబే అణు పరిశోధన కేంద్రం ఇంజనీర్ల కృషి పునాదిగా ఇ.సి.ఐ.ఎల్. 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తెచ్చింది. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, 12 అంటే 12 బిట్లు. తర్వాత 1974లో టి.డి.సి.-312, 1975లో 16 బిట్ల టి.డి.సి.-316 వచ్చాయి. విదేశీ కంప్యూటర్ల కోసం అనుమతుల క్యూలో నిలబడే రోజులవి. 1978లో ఐ.బి.ఎం. మన దేశం వదిలి వెళ్లిపోయేనాటికి, కంప్యూటర్లు చేయడం తెలిసిన మనుషులు మన నగరంలో ఉన్నారు.

ఇదే నగరానికి మరో ఘనత కూడా ఉంది. పైన చెప్పిన జైలింక్స్ కంపెనీ తన పెద్ద అభివృద్ధి కేంద్రాల్లో ఒకదాన్ని హైదరాబాదులో పెట్టింది. 2022లో ఆ కంపెనీ ఎ.ఎం.డి.లో కలిసింది. అంటే అచ్చు పోయవలసిన బొమ్మా ఈ ఊరిదే, అచ్చు పోసే లక్క గురించి తెలిసిన చేతులూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఈ రెండూ కలిసేది విద్యార్థుల దగ్గర కాకపోతే ఇంకెక్కడ?

పి.డి.పి.-8 కూడా 12 బిట్లదే, పి.డి.పి.-11 కూడా 16 బిట్లదే అని ముందు చెప్పాను. వాటిని ఇవాళ ఎవరైనా ఇంట్లో కూర్చుని కట్టుకోగలుగుతున్నారంటే కారణం ఒక్కటే, వాటి పటాలను, మాన్యువళ్లను, ప్రోగ్రాములను జనం దాచిపెట్టి, అందరికీ పంచారు. యంత్రం పోయినా దాని తర్కం బతికింది. మన టి.డి.సి. యంత్రాల విషయంలో ఆ పని మనం చేయాలి. వేరే దేశంవాళ్లు వచ్చి చేసిపెట్టరు. ఇందులో కాలం మనవైపు లేదు. 1969లో పాతికేళ్ల కుర్ర ఇంజనీరు ఇవాళ ఎనభై దాటిన పెద్దమనిషి. మాన్యువలులో రాయని సంగతులు ఆయన తలలోనే ఉంటాయి. ఏ బోర్డు ఎందుకలా పెట్టారు, ఏ ఆదేశం ఎందుకు చేర్చారు, ఏది రాత్రంతా కూర్చుని సరిచేశారు, ఇవన్నీ ఏ అటక మీదా దొరికే కాగితాలు కావు.

గాదెలో గింజ

నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ని. విత్తనం గురించి మాకు ఒక సంగతి చిన్నప్పుడే తెలుస్తుంది. మంచి విత్తనం గదా అని కుండలో పోసి, బూడిద కలిపి, మూత పెట్టి పదేళ్లు దాస్తే అది విత్తనంగా ఉండదు, ఉత్త గింజ అవుతుంది. విత్తనాన్ని కాపాడాలంటే ఏటా కొంచెమైనా విత్తాలి, పండించాలి, మళ్లీ దాచాలి. జహీరాబాదు ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల దేశవాళీ విత్తనాలను అలాగే నిలబెట్టాయి. పొలంలో విత్తి, పంట తీసి, ఒకరికొకరు పంచుకుని. విత్తనం తీసుకున్నవారు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగి ఇవ్వాలన్నది అక్కడి రివాజు.

పాత కంప్యూటరును అద్దాల బీరువాలో పెట్టి పక్కన తేదీ రాసిన చీటీ అంటించడం గాదెలో గింజ దాచడం లాంటిది. ప్రదర్శనశాలలు వద్దని కాదు. అవి ఉండాలి. కాని ప్రాసెసరు అంటే పెట్టె కాదు గదా, అది చేసే పని. ప్రతి సంవత్సరం ఒక కొత్త విద్యార్థుల జట్టు దాన్ని మళ్లీ కట్టి, నడిపి, ఎక్కడ ఆగిందో కనిపెట్టి, సరిచేస్తేనే ఆ తెలివి బతికి ఉంటుంది.

"ఏమొస్తది బిడ్డా?"

ఇదంతా సెలవుల్లో మా నాయినకు చెప్పాను. ఆయన ఓపికగా విని ఒకటే మాట అడిగిండు: "పాత ఇంజను బాగుచేస్తే నీళ్లన్న తోడుతది. పాత కంప్యూటరు మళ్ల చేస్తే ఏమొస్తది బిడ్డా?"

న్యాయమైన ప్రశ్న. ఊళ్లో పంట అమ్మి ఫీజు కట్టే ప్రతి తండ్రి తరఫునా అడిగిన ప్రశ్న అనుకుని జవాబు చెబుతాను.

మొదటిది, నీళ్లు కూడా తోడుతది. 1976లో వచ్చిన జడ్-80 అనే ప్రాసెసరును దాదాపు 48 ఏళ్లు తయారుచేసి, ఆ పాత రకానికి 2024లో చివరి ఆర్డర్లు తీసుకున్నారు. అలాంటి చిప్పుల మీద నడిచే ఫ్యాక్టరీ యంత్రాలు, కొలత పరికరాలు లోకంలో ఇంకా ఉన్నాయి. చిప్పు దొరకనంత మాత్రాన లక్షల రూపాయల యంత్రాన్ని తుక్కు కింద అమ్మాలా? బోరు మోటారు స్టార్టరులో కాయిలు కాలితే కాయిలు మారుస్తాం గాని స్టార్టరంతా పారేయం. దొరకని చిప్పు స్థానంలో దానిలాగే నడిచే ఎఫ్.పి.జి.ఎ. పెట్టడం కూడా అటువంటి రిపేరే. ఈ పని తెలిసినవాడికి కూలి దొరుకుతుంది.

రెండోది ఉద్యోగం. చిప్పుల కంపెనీల్లో పెద్ద పని కొత్తగా గీయడం ఒక్కటే కాదు, గీసినది చెప్పినట్టు నడుస్తుందో లేదో పరీక్షించడం కూడా. పాత ప్రాసెసరును తిరిగి కట్టడంలో సగం పని అదే. పైగా ఇక్కడ జవాబు ముందే ఉంది. అసలు 8085 ల్యాబులోనే ఉంది. ఒకే ప్రోగ్రామును కిట్టు మీదా, మన బోర్డు మీదా నడిపి, రెండు జవాబులూ ఒకటే అయ్యేదాకా వదలకుండా వెతకడం. కంసాలి గీటురాయి మీద బంగారం గీసి చూసుకున్నట్టు. మన ల్యాబులోని ఆ పాత కిట్టుకు ఇంతకంటే గౌరవమైన ఉపయోగం ఏముంటుంది!

"అయితే పాతది ఎందుకు, కొత్త ప్రాసెసరే చేయొచ్చు గదా" అని మరికొందరు అంటారు. చేయాలి. మద్రాసు ఐ.ఐ.టి. వారు రిస్క్-ఫైవ్ పద్ధతిలో శక్తి ప్రాసెసర్లు రూపొందించి 2018లో చిప్పులుగా తెచ్చారు, అది గర్వించదగ్గ పని. కాని ఇవాళ్టి ఫోను చిప్పులో వందల కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. ఏ ఒక్క మనిషి తలలోనూ అది మొత్తం ఇమడదు. 6,500 ట్రాన్సిస్టర్ల యంత్రం ఇరవై ఏళ్ల విద్యార్థి తలలో మొత్తం ఇముడుతుంది. ఒక యంత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా అర్థం చేసుకున్నాననే ధైర్యం ఒక్కసారి వస్తే, తర్వాత ఎంత పెద్దదాని ముందైనా నిలబడవచ్చు. ఈత నేర్చేవాణ్ని ముందు ఊరి బావిలో దింపుతారు గాని నేరుగా నాగార్జునసాగరులో దింపరు.

ఏం చేయాలి

కోరికలు పెద్దవేం కావు. మొదటి సంవత్సరంలో గేట్లు, కూడిక యంత్రం బ్రెడ్‌బోర్డు మీద ఎలాగూ చేస్తున్నాం, వాటినే ఎఫ్.పి.జి.ఎ. బోర్డు మీద కూడా చేద్దాం. ఆ బోర్డు రెండు మూడు వేల రూపాయలలో వస్తుంది. నలుగురు కలిస్తే తలా ఒక సినిమా, ఒక బిర్యానీ మానుకుంటే చాలు. రెండో సంవత్సరంలో జట్లుగా విడిపోయి 8085 కడదాం. ఒక జట్టుకు రిజిస్టర్లు, ఒక జట్టుకు లెక్కల భాగం, ఒక జట్టుకు నియంత్రణ. ఆ కాలపు పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది. కిట్టులోని మానిటర్ ప్రోగ్రాముకు మాత్రం రాసినవారి హక్కు ఉంటుంది, దాన్ని ఎత్తుకోకుండా మన మానిటర్ మనమే రాసుకుందాం. అది కూడా చదువే. మూడో సంవత్సరం జట్టు టి.డి.సి. యంత్రాల పని మొదలుపెట్టాలి. ఆదేశాల పట్టిక, మాన్యువళ్లు, పాత ప్రోగ్రాముల కాగితాలు సేకరించాలి. వాటి మీద పనిచేసిన పెద్దలను కలిసి, వారు చెప్పేది రాసుకోవాలి, రికార్డు చేయాలి.

అధ్యాపకులకు ఒక విన్నపం. ఈ పనికి మార్కులు కేటాయించండి. మార్కులు లేని పని ఎంత గొప్పదైనా పరీక్షల నెలలో గాలికి పోతుందని మీకు మాకంటే బాగా తెలుసు.

విద్యార్థి సంఘానికి ఒక సూచన. ఏటా సంఘం నిధుల నుంచి పది బోర్డులు కొని గ్రంథాలయంలో పెట్టండి. పుస్తకం ఇచ్చినట్టు విద్యార్థికి అరువియ్యండి. జహీరాబాదు ఆడపడుచుల రివాజే ఇక్కడా పెట్టుకుందాం. బోర్డు తీసుకున్నవాడు బోర్డు ఒక్కటే తిరిగి ఇస్తే చాలదు, తాను కట్టినదాని వర్ణన, ఎలా కట్టాడో నాలుగు పేజీల తెలుగు వివరణ కూడా కలిపి ఇవ్వాలి. తెలుగులో ఎందుకంటే, మా ఊరి జూనియర్ కళాశాల నుంచి వచ్చే తమ్ముడో చెల్లెలో మొదటి వారంలోనే అది చదివి అర్థం చేసుకోవాలి. ఐదేళ్లు ఇలా సాగితే అల్మారా నిండుతుంది. అప్పుడు వచ్చే విద్యార్థి మొదటి గేటు దగ్గర మొదలుపెట్టనక్కర లేదు, మేము ఆగిన చోట మొదలుపెడతాడు.

ఈ సంచిక మన పూర్వ విద్యార్థుల ఇళ్లకు కూడా వెళ్తుంది. మీలో ఎవరైనా ఆ రోజుల్లో టి.డి.సి. యంత్రాల మీద పనిచేసి ఉంటే, లేదా మీ ఇంట్లో పెద్దవారెవరైనా చేసి ఉంటే, ట్రంకు పెట్టెలో ఒక పాత మాన్యువలో, రంగు వెలిసిన నోటు పుస్తకమో ఉంటే, దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి. సంఘం ఆఫీసుకు ఒక చీటీ రాయండి. వీలైతే ఒక సాయంత్రం వచ్చి మాతో కూర్చోండి. చాయ్ మాది. మీరు చెప్పే ప్రతి ఆదేశాన్నీ, దానికి ఎన్ని దెబ్బలు పట్టేవో సహా, మేం రాసుకుంటాం.